దవడ కింద జారిన చెంప: ఫిల్లరా, దారాలా, కత్తా, లేక ముందు పళ్ళ డాక్టరా?

ఈమధ్య పెళ్ళిళ్ళలో మండపం పక్కన లారీ అంత ఎల్ఈడీ స్క్రీన్ పెడుతున్నారు కదా, గుంటూరులో మా పెద్దన్నయ్య కూతురి పెళ్ళికి అక్షింతలు వేయడానికి లైన్లో నిలబడి తలెత్తి చూస్తే అందులో పక్కనుంచి నా మొహం కనబడింది. మొహం నాదే, చీర నాదే, కానీ చెవి కింద నుంచి గడ్డం దాకా తిన్నగా ఉండాల్సిన గీత మధ్యలో ఒకచోట కిందికి వేలాడుతోంది, చిన్న సంచి కట్టినట్టు. వెనకే ఉన్న మా చిన్నన్నయ్య అది చూసి "ఒంగోలు గిత్తకి గంగడోలు అందమే, నీకెందుకే" అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళ చెల్లెల్ని కూడా ఏడిపించకుండా ఉండలేడు.

ఆ రాత్రే ఫోన్లో వెతికాను. వెతికిన పాపానికి మర్నాటి నుంచి ఫోన్ తెరిస్తే చాలు, అన్నీ దవడ యాడ్లే. ఒకరు గంటలో దారాలతో లాగేస్తామంటారు, ఒకరు సూది గుచ్చకుండా మెషీన్‌తో బిగిస్తామంటారు, ఇంకొకరు ఒక్క సిరంజి చాలంటారు. ఏడాదిన్నరలో ఇద్దరు స్కిన్ డాక్టర్లని, ఒక ప్లాస్టిక్ సర్జన్‌ని, ఒక పళ్ళ డాక్టర్‌ని కలిశాను, మధ్యలో ఒకచోట డబ్బు తగలేసి కాస్త దెబ్బ కూడా తిన్నాను, అదీ చెబుతాను. నేను డాక్టర్ని కాదు, విజయవాడ సత్యనారాయణపురంలో లెక్కల ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. పిల్లలకి రోజూ చెప్పే మాటే ఇక్కడా పనికొచ్చింది: లెక్కలో ఏమిచ్చాడో రాసుకోకుండా సూత్రం వేసేయొద్దు. దవడ దగ్గర జారింది ఏంటో తేల్చుకోకుండా ట్రీట్‌మెంట్ ఎంచుకోవడం అలాంటిదే. అక్కడ ఎముక, పళ్ళు, కొవ్వు, చర్మం, కండరం, ఇన్ని ఉన్నాయి, ఒక్కొక్కరికి ఒక్కోటి దెబ్బతింటుంది.

అసలు ఎందుకు జారుతుంది

మన ఇళ్ళలో పాత దూది పరుపు గుర్తుందా, మధ్యమధ్యలో కుట్లు వేసి ఉంటాయి. కొన్నేళ్ళు పడుకున్నాక దూది జారిపోయి కుట్టు పక్కన ఉండ కడుతుంది, కుట్టు ఉన్నచోట మాత్రం గుంట. మొహంలోనూ దాదాపు అదే జరుగుతుంది. నోటి మూల నుంచి కిందికి వస్తూ ఉంటే దవడ అంచు దగ్గర, గడ్డానికి కాస్త పక్కగా, చర్మాన్ని ఎముకకి గట్టిగా పట్టి ఉంచే ఒక చిన్న కట్టు ఉంటుంది, డాక్టర్లు మాండిబ్యులర్ లిగమెంట్ అంటారు. వయసుతో చెంప మీది కొవ్వు, దాన్ని మోసే పొర కిందికి జారుతూ వచ్చి ఈ కట్టు దగ్గర ఆగిపోతాయి. దాని వెనక కుప్ప పడిన సరుకే ఇంగ్లీషువాళ్ళు జోల్ అనేది. కట్టుకి ముందువైపు గడ్డం పక్కన అదే సమయంలో ఎముక కాస్త అరిగి గుంట పడుతుంది. గుంట పక్కన గుట్ట ఉంటే గుట్ట రెండింతలు కనిపిస్తుంది. ఈ గుంట సంగతి గుర్తుపెట్టుకోండి, ఫిల్లర్ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఎముక అరగడం ఏంటి అని నేనూ అడిగాను. వయసులో ఉన్నవాళ్ళ మొహాలని, పెద్దవాళ్ళ మొహాలని సీటీ స్కాన్లలో పోల్చి చూసినప్పుడు కింది దవడ ఎత్తు, పొడవు తగ్గడం, చెవి కింద మూల విచ్చుకోవడం కనబడింది. లోపల దిండు చిక్కిపోతే పైన గలీబు వదులవుతుంది, అంతే. పళ్ళు ఊడితే ఆ పంటి కింద ఎముక ఇంకా తొందరగా కరిగిపోతుంది, ఎందుకంటే నమిలే ఒత్తిడి లేని ఎముకని శరీరం ఉంచుకోదు.

ఇక చర్మం. కొల్లాజెన్ అనే పీచు చర్మానికి బిగువు, ఎలాస్టిన్ సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం. పెద్దయ్యాక కొల్లాజెన్ ఏటా ఒక శాతం చొప్పున తగ్గుతుందని డాక్టర్లు వేసుకునే లెక్క. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక మొదటి 5 ఏళ్ళలోనే చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం పోతుంది. నలభై ఐదు దాకా బాగానే ఉన్న మొహం యాభై రెండుకి ఒక్కసారిగా దిగిపోయిందని మనం అనుకునేది ఊరికే కాదు. దీనికి తోడు ఎండ, పొగ, బరువు పెరగడం తగ్గడం, అమ్మానాన్నల నుంచి వచ్చిన గడ్డం. గడ్డం పొట్టిగా, వెనక్కి ఉన్నవాళ్ళకి ముప్పై ఐదుకే దవడ గీత చెదురుతుంది. మా అమ్మది అలాంటి గడ్డమే, నాదీ అదే.

అద్దం పట్టుకుని పది నిమిషాలు

డాక్టర్ దగ్గరకి వెళ్ళే ముందు ఇంట్లోనే కొంత తెలుస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని చేతి అద్దం మొహం మీదికి పట్టుకోండి. పడుకోగానే గీత తిరిగి వచ్చేసిందంటే మీది జారుడు, చర్మం, దాని కింది పొర వదులయ్యాయి. పడుకున్నా ఉబ్బు అలాగే ఉంటే కొవ్వు ఎక్కువ ఉంది. తరువాత లేచి కూర్చుని ఆ ఉబ్బుని రెండు వేళ్ళతో పట్టుకోండి, పూరీ పిండిలా దళసరిగా చేతికొస్తే కొవ్వు, నలిగిన చీర కుచ్చిళ్ళలా పలచగా వస్తే చర్మం. పళ్ళు బిగించి "ఈ" అని గట్టిగా సాగదీసినప్పుడు మెడ మీద నిలువుగా తాళ్ళలా లేస్తే ప్లాటిస్మా అనే కండరం పాత్ర ఉంది, అది మెడ నుంచి దవడ మీదికి పాకి మొహాన్ని కిందికి లాగుతూ ఉంటుంది. చివరికి నోరు తెరిచి వెనక పళ్ళు లెక్కపెట్టుకోండి. నవ్వులాటకి కాదు, మా వదిన కథ మొత్తం ఇక్కడే ఉంది.

ఇంకో మాట, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఉబ్బు ఒక్కవైపే ఉన్నా, గట్టిగా గడ్డలా తగిలినా, నొప్పి ఉన్నా, తినేటప్పుడు ఉబ్బి తరువాత తగ్గినా, నెలనెలా పెరుగుతున్నా అది వయసు జారుడు కాదు. లాలాజల గ్రంథి, లింఫ్ గ్రంథి లాంటివి కావచ్చు, నేరుగా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి, బ్యూటీ క్లినిక్ మెట్లు ఎక్కొద్దు.

మా ముగ్గురి లెక్క

ఒకే ఫిర్యాదుతో ముగ్గురం ఉన్నాం. నేను ఒకదాన్ని, పడుకుంటే గీత తిరిగొస్తుంది, పలచని చర్మం, గడ్డం పక్కన గుంట. రెండోది బ్రాడీపేటలో ఉండే మా పెద్ద వదిన, యాభై ఎనిమిది, చిగుళ్ళ జబ్బుతో కింద వెనక పళ్ళు రెండువైపులా పీకించేసుకుంది, నాలుగేళ్ళుగా ముందు పళ్ళతోనే లాగిస్తోంది. మూడోది నాతోపాటు ఫిజిక్స్ చెప్పే అమ్మాయి, నలభై నాలుగు, షుగర్ భయంతో ఏడు నెలల్లో 18 కిలోలు తగ్గింది, ఒళ్ళు బాగుపడింది కానీ మొహం మాత్రం పదేళ్ళు పెద్దదైపోయిందని ఏడుపు. మేం ముగ్గురం వెళ్ళి ఒకే ప్యాకేజీ కొనుక్కుని ఉంటే ముగ్గురిలో ఇద్దరికైనా డబ్బు దండగ.

వదిన సంగతి ముందు చెప్పేస్తాను. వెనక పళ్ళు లేకపోతే నోరు మూసినప్పుడు కింది దవడ ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా పైకి వస్తుంది, గడ్డం ముక్కుకి దగ్గరవుతుంది, మొహం కింది భాగం పొట్టిదై చర్మం మిగిలిపోయి మడత పడుతుంది. గుంటూరు కొత్తపేటలో ప్లాస్టిక్ సర్జన్‌ని కలిస్తే ఆయన నోట్లో టార్చి వేసి చూసి "అమ్మా, మీరు ముందు పళ్ళ డాక్టర్ దగ్గరకి వెళ్ళి రండి, పునాది లేకుండా గోడకి సున్నం వేయలేను" అని ఫీజు కూడా తీసుకోకుండా పంపించేశాడు. ఇలాంటి డాక్టర్ దొరికితే వదలొద్దు. వదినకి తీసిపెట్టుకునే పళ్ళ సెట్టు కట్టారు. ఇంప్లాంట్లు అయితే ఎముకలోకే స్క్రూ దిగుతుంది కాబట్టి అక్కడి ఎముక అరగడం బాగా నెమ్మదిస్తుంది, సెట్టు కింద మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఖర్చు, షుగరు చూసుకుని వదిన సెట్టే చాలనుకుంది. ఎలా తయారైందో చివర్లో చెబుతాను.

క్రీములు, ఎండ, ఇంటి వైద్యాలు

మన ఊళ్ళో ఎండ గురించి చెప్పక్కర్లేదు. కానీ చర్మాన్ని సాగదీసేది వేడి కంటే ఎక్కువగా యూవీఏ కిరణాలు, అవి డిసెంబర్లోనూ ఉంటాయి, మబ్బులోనూ ఉంటాయి, కారు అద్దం లోంచి కూడా వస్తాయి. బందరు రోడ్డు మీద స్కూటీల మీద వెళ్ళే ఆడపిల్లలు కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా చున్నీ చుట్టుకుని బందిపోట్లలా ఉంటారని నవ్వుతాం కానీ ఇరవై ఏళ్ళ తరువాత వాళ్ళ దవడలు మన కంటే బాగుంటాయి. మొహానికి, మెడకి కలిపి రెండు వేళ్ళ పొడవునా సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైన, బయట తిరిగితే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. మన రంగుకి మంగు కూడా తొందరగా వస్తుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ ఇంకా మంచిది. రాత్రిపూట ట్రెటినోయిన్ అనే విటమిన్ ఏ రకం క్రీము, డాక్టర్ రాసిస్తే, తక్కువ శాతంతో, వారానికి రెండు మూడు రోజులతో మొదలు. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి, మొదట్లో పొట్టు లేస్తుంది, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు అసలు ముట్టుకోకూడదు. ఇవి చర్మాన్ని బాగుచేస్తాయి, జారుడు నెమ్మదిస్తుంది, అంతే. జారిపోయిన చెంపని ఏ క్రీమూ పైకి ఎత్తదు, డబ్బా మీద లిఫ్టింగ్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా.

మొహం మీద రుద్దుకునే రోలర్లు, గువాషా రాళ్ళు నీరు పట్టిన మొహాన్ని రెండు మూడు గంటలు తేలిక చేస్తాయి, తరువాత మామూలే. మొహం వ్యాయామాల మీద 2018లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, 27 మంది ఆడవాళ్ళు మొదలుపెట్టి 16 మంది చివరిదాకా, 20 వారాలు చేశారు, బుగ్గల నిండుతనం కాస్త మెరుగైందని తేలింది. దవడ గీత బిగిసిందని తేలలేదు. రోజూ అరగంట మొహం వంకర్లు తిప్పే తీరిక ఉంటే చేసుకోండి, నాకు లేదు.

ఫిల్లర్, కొవ్వు కరిగించే ఇంజెక్షన్, బోటాక్స్

ఈ మూడూ సూదులే కాబట్టి జనం ఒకటే అనుకుంటారు. పనిలో మాత్రం ఒకదానికి ఇంకోటి పూర్తిగా ఎదురు.

ఫిల్లర్ అంటే సూదితో చర్మం కిందికి ఎక్కించే జెల్ లాంటిది, అది నింపుతుంది. ఇందాక గుంట సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా, గడ్డం పక్కన ఆ గుంటలో కొద్దిగా నింపితే గుట్ట గుంట కలిసిపోయి గీత తిన్నగా కనిపిస్తుంది, అసలు జారుడు జారుడుగానే ఉంటుంది, కంటికి ఆనదు. నాలా పలచని మొహం, మొదటి దశ జారుడు ఉన్నవాళ్ళకి ఇది బాగుంటుంది. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే ఏడాది అటూఇటూ ఉంటుంది, నచ్చకపోతే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఎక్కించి కరిగించేయొచ్చు, వేరే రకాలకి ఆ సౌకర్యం లేదు. ప్రమాదం కూడా తెలిసి ఉండాలి: మొహానికి రక్తం తెచ్చే పెద్ద ధమని సరిగ్గా దవడ అంచు మీదుగానే పైకి ఎక్కుతుంది, పళ్ళు బిగించి దవడ కండరం ముందు వేలు పెడితే నాడి తగులుతుంది, చూడండి. ఫిల్లర్ అలాంటి రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు. అరుదే, కానీ ఆ ఎంజైమ్ గదిలో లేని చోట, అంతకుముందు దాన్ని వాడిన డాక్టర్ లేని చోట వేయించుకోవద్దు. జారుడు బాగా ముదిరినవాళ్ళకి ఫిల్లర్‌తోనే దిద్దాలని సిరంజి మీద సిరంజి ఎక్కిస్తే మొహం గుమ్మడికాయ అవుతుంది, బరువుకి ఇంకా జారుతుంది.

కొవ్వు కరిగించే ఇంజెక్షన్లో ఉండేది డీఆక్సీకోలిక్ యాసిడ్. అమెరికాలో 2015లో దీనికి అనుమతి ఇచ్చింది గడ్డం కింద కొవ్వుకి మాత్రమే. చర్మం బిగువుగా ఉండి గడ్డం కింద మాత్రమే రెండో గడ్డం ఉన్న ముప్పైల్లోని వాళ్ళకి సరిపోతుంది, నెల గ్యాపుతో కొన్నిసార్లు వేయించుకోవాలి, వేసిన ప్రతిసారీ వారం పాటు కప్పలా వాపు. చర్మం ఇప్పటికే వదులైనవాళ్ళు లోపలి కొవ్వు కూడా తీసేస్తే ఏమవుతుందో ఊహించుకోండి, గాలి పోయిన బెలూన్. బుగ్గల్లో కొవ్వు తీయించుకోవడం అనే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది, దాని గురించి నాది ఒకటే మాట, వద్దు. ఆ కొవ్వే పదిహేనేళ్ళ తరువాత మీ మొహాన్ని నిలబెట్టేది.

బోటాక్స్ కండరాన్ని పడుకోబెడుతుంది. మెడ తాళ్ళు లేచేవాళ్ళకి ప్లాటిస్మాలో వేస్తే కిందికి లాగే బలం తగ్గి గీత కాస్త తేరుకుంటుంది, అమెరికాలో 2024లో ఈ మెడ తాళ్ళకి అధికారికంగా అనుమతి వచ్చింది కానీ డాక్టర్లు చాలా ఏళ్ళ నుంచే వేస్తున్నారు. మూడు నాలుగు నెలలే ఉంటుంది. దీన్ని దవడ సన్నబడటానికి మసెటర్ అనే నమిలే కండరంలో వేసే బోటాక్స్‌తో కలపకండి. మా ఫిజిక్స్ అమ్మాయికి ఒకచోట అదే అంటగట్టబోయారు, వి ఆకారం వస్తుందని. 18 కిలోలు తగ్గి చర్మం వేలాడుతున్న మనిషికి లోపలున్న కండరాన్ని కూడా చిక్కిస్తే వి రాదు, చర్మానికి ఉన్న ఆ కాస్త ఆసరా కూడా పోతుంది. చతురస్రంలా వెడల్పు దవడ, బిగువు చర్మం ఉన్న పాతికేళ్ళ పిల్లకి చేసే పని అది. ఆ అమ్మాయికి స్కిన్ డాక్టర్ చెప్పింది వేరు: బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలబడనీ, ప్రొటీన్ తిను, అప్పటిదాకా పర్సు తెరవకు.

మెషీన్లు, నా పెదవి కథ

హైఫూ అంటే అల్ట్రాసౌండ్ తరంగాలని ఒక బిందువు మీదికి తెచ్చి చర్మం లోపల వేడి చుక్కలు పెట్టడం. 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుకి వేర్వేరు కార్ట్రిడ్జ్‌లు ఉంటాయి, 4.5ది చెంపని మోసే ఎస్ఎంఏఎస్ అనే పొరని అందుకుంటుంది. చుక్క పెట్టినచోట కణజాలం ముడుచుకుని, రెండు మూడు నెలల్లో కొత్త కొల్లాజెన్ వచ్చి కాస్త బిగుస్తుంది. కాస్త అన్న మాట కింద గీత గీసుకోండి. ఖరీదైన మెషీన్లలో లోపల ఏముందో స్క్రీన్ మీద చూస్తూ చేస్తారు, చౌక హైఫూల్లో చూపు లేదు, గుడ్డిగా కొట్టడమే.

నేను పడింది ఈ చౌక దాంట్లోనే. సిటీలో ఒకచోట, పేరెందుకులెండి, మూడు సిట్టింగులు కొంటే నాలుగోది ఫ్రీ అన్నారు. డాక్టర్ గారు వస్తారన్నారు, వచ్చింది పాతికేళ్ళ అమ్మాయి, పెన్సిల్‌తో రెండు గీతలు గీసి మొదలుపెట్టింది. దవడ అంచు మీద ఒకచోట కరెంటు కొట్టినట్టు కింది పెదవిలోకి జివ్వుమంది. చెప్పాను, "అలాగే ఉంటుంది మేడమ్, రిజల్ట్ వస్తున్నట్టే" అంది. ఇంటికొచ్చి నీళ్ళు తాగుతుంటే ఎడమవైపు నుంచి కారిపోయాయి. నవ్వితే కింది పెదవి ఒకవైపు దిగడం లేదు, వంకర నవ్వు. దవడ అంచు పక్కనే కింది పెదవిని కిందికి లాగే నరం కొమ్మ ఒకటి వెళుతుంది, దానికి వేడి తగిలింది. ఆరు వారాల్లో తిరిగి వచ్చేసింది, ఎక్కువమందికి అలాగే తిరిగొస్తుందట, కానీ ఆ ఆరు వారాలు ట్యూషన్లో పిల్లల ముందు నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని పైథాగరస్ చెప్పాను. మిగిలిన సిట్టింగుల డబ్బు అడిగితే నాన్ రీఫండబుల్.

కాబట్టి నా అభిప్రాయంలో కోపం ఉంది, ఒప్పుకుంటాను. కోపం పక్కన పెట్టి చెబితే: హైఫూ సరిపోయేది చర్మం కొద్దిగా మాత్రమే వదులై, మొహంలో కొంత కండ ఉన్నవాళ్ళకి. పలచని మొహాలకి లోపలున్న కొద్ది కొవ్వు కూడా కరిగి గుంటలు పడే అవకాశం ఉంది, నాలాంటివాళ్ళకి అసలు చేయకూడనిది. ఆర్ఎఫ్ మైక్రోనీడ్లింగ్ సన్నని సూదుల చివర్ల నుంచి రేడియో తరంగాల వేడి ఇస్తుంది, పై పొరకి వేడి తక్కువ తగులుతుంది కాబట్టి చామనఛాయ, నలుపు చర్మాలకి కొన్ని లేజర్ల కంటే మచ్చల భయం తక్కువ. చర్మం నాణ్యతకి, మొటిమల గుంటలకి మంచిదే, జారుడుకి మాత్రం స్వల్పమే. ఇది కూడా ఆషామాషీ కాదు, కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం లాంటి ఫిర్యాదుల మీద 2025 అక్టోబరులో అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది.

దారాలా, కత్తా

అసలు పోలిక ఇక్కడే ఉంది, ఎందుకంటే జారినదాన్ని నిజంగా పైకి లాగేవి ఈ రెండే.

థ్రెడ్ లిఫ్ట్‌లో ముళ్ళున్న కరిగే దారాలని సూదితో చర్మం కిందికి పంపి లాగుతారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గంటలో పంపించేస్తారు, మర్నాడే గీత కనిపిస్తుంది, ఆ ఆనందం చూసి జనం పడిపోతారు. కానీ మొదటి వారాల్లో కనిపించే దాంట్లో వాపు కూడా కొంత ఉంటుంది. వీటిలో పీడీఓ అనే రకం దారం సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది, ఫలితం ఏడాది నిలబడితే గొప్పే, మిగిలిన చర్మం ఎక్కడికీ పోదు కాబట్టి చెవి ముందు ముడతలుగా చేరుతుంది. గుంటలు పడటం, దారం చివర బయటికి పొడుచుకు రావడం, రెండు వైపులా తేడా రావడం ఉంటాయి. కొద్దిగా జారి, బరువు తక్కువ ఉన్న మొహానికి, ఏదైనా ఒక్క సందర్భం కోసం అయితే సరే. ప్రతి ఏడాదీ చేయించుకుంటూ పోయేవాళ్ళు అయిదేళ్ళ ఖర్చు కాగితం మీద కూడి చూసుకోండి, లెక్కల టీచర్ సలహా.

ఫేస్‌లిఫ్ట్ పెద్ద ఆపరేషన్. చెవి ముందు నుంచి చెవి వెనక్కి కోత, కొన్ని గంటల పని, రెండు మూడు వారాలు బయటికి రాలేని కమిలిన మొహం, పూర్తిగా సర్దుకోవడానికి నెలలు. వెనకటికి చర్మాన్ని మాత్రమే లాగి కుట్టేవాళ్ళు, గాలికి కొట్టుకుపోయినట్టు బిగిసిన మొహాలు అప్పటి పుణ్యమే. 1976లో మిట్జ్, పెరోనీ అనే ఫ్రెంచ్ డాక్టర్లు చర్మం కింది ఎస్ఎంఏఎస్ పొర గురించి రాశాక లాగే బరువంతా ఆ పొర మీద వేసి, చర్మాన్ని ఊరికే పైన పరిచి కుట్టే పద్ధతులు వచ్చాయి. పదేళ్ళ దాకా తేడా నిలబడుతుంది, ఆ తరువాత కూడా మీరు చేయించుకోని మీ కంటే బాగానే ఉంటారు. లోపల రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనిపించే చిక్కు, బీపీ అదుపులో లేనివాళ్ళకి మరీను. సిగరెట్ తాగేవాళ్ళకి కోత దగ్గర చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది, వారాల ముందే మానేయాలి. నరం శాశ్వతంగా దెబ్బతినడం అరుదు కానీ సున్నా కాదు. చెవి కుట్టించుకుంటేనే కాయ కట్టే చర్మం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

పడుకుంటే గీత తిరిగొచ్చి, లేస్తే చేతికి చర్మం నిండా వచ్చేవాళ్ళు, యాభై ఐదు దాటినవాళ్ళు, హైఫూ నాలుగు సార్లు, దారాలు రెండు సార్లు, ఫిల్లర్ ఆరు సిరంజిలు అని తిరిగే బదులు మంచి ప్లాస్టిక్ సర్జన్‌ని ఒక్కసారి కలిసి ఆపరేషన్ మాట్లాడుకోవడం మేలు, లేదా హాయిగా వదిలేయడం మేలు. మధ్యలో ఉన్నవన్నీ వాళ్ళకి చిల్లర ఖర్చు. వదిలేయడం కూడా ఒక ఎంపికే, మా అమ్మ ఎనభై ఏళ్ళు ఆ దవడతోనే అందరినీ అదిలించి బతికింది.

డబ్బు, డాక్టరు, ముహూర్తం

సూర్యారావుపేటలో కానీ, బెంజి సర్కిల్ చుట్టుపక్కల కానీ, గుంటూరు అరండల్‌పేటలో కానీ బోర్డు మీద కాస్మటాలజిస్ట్ అని ఉంటే డిగ్రీ ఏంటో అడగండి. స్కిన్ డాక్టర్ అయితే డీవీఎల్‌లో, అంటే చర్మవ్యాధుల విభాగంలో, ఎండీ లేదా డిప్లొమా, సర్జరీకి అయితే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉండాలి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సూది ఎవరు గుచ్చుతారు, మెషీన్ ఎవరు పట్టుకుంటారు అని మొదటి రోజే అడగండి, నేను అడగలేదు. సిరంజి పెట్టె మీ ముందే విప్పమనండి, స్టిక్కర్ ఫైలులో అంటించమనండి. అందం కోసం చేయించుకునేవాటి మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, ఇన్సూరెన్స్ రాదు, చెప్పిన రేటులో పన్ను కలిసిందో లేదో ముందే తేల్చుకోండి. పెళ్ళి కోసం అయితే ఫిల్లర్ కనీసం నెల ముందు, ఆపరేషన్ అయితే మూడు నెలల ముందు. మే నెలలో కమిలిన మొహంతో ఇక్కడ ఎండలోకి రావడం మచ్చలని పిలిచి పీట వేసినట్టే, చలికాలం చూసుకోండి.

క్లినిక్ వాళ్ళు చూపించే ముందు-తరువాత ఫోటోల్లో తరువాత దాంట్లో గడ్డం ఒక అంగుళం పైకెత్తి ఉంటుంది, లైటు ఎదురుగా ఉంటుంది, జుట్టు వెనక్కి కట్టి ఉంటుంది. అందుకని మీ ఫోటోలు మీరే తీయించుకోండి. నావి మా అబ్బాయి వంటింటి తలుపు పక్కన, సాయంత్రం నాలుగింటికి, తల తిన్నగా పెట్టి, ఎదురుగా, ఏటవాలుగా, పక్కనుంచి తీశాడు. పెదవి బాగయ్యాక ఆరు నెలలు ఆగి నేను గడ్డం రెండుపక్కలా ఆ గుంటల్లో కలిపి ఒక్క సిరంజి ఫిల్లర్ వేయించుకున్నాను, మళ్ళీ అదే తలుపు పక్కన ఫోటోలు. వదినకి కూడా పళ్ళ సెట్టు పెట్టకముందు, పెట్టాక తీశాం. మొన్న సంక్రాంతికి నాలుగూ కలిపి చిన్నన్నయ్య ముందు పెట్టి ఏది ముందుది ఏది తరువాతిది చెప్పమన్నాను. వదినవి చూడగానే చెప్పేశాడు. నావి కళ్ళద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి, పాతదాని మీద వేలు పెట్టి "ఇదే కదా ఇంజెక్షన్ చేయించుకున్నాక" అన్నాడు.